సంఘం పుస్తకంలో లేని పేరు

ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతున్నారు. వంగి, లేచి, చప్పట్లు కొట్టి మళ్లీ ఒక అడుగు ముందుకు వేస్తున్నారు. మధ్యలో కర్రలతో కట్టిన మంచె, దాని మీద ఒక మనిషి పెద్ద డోలు వాయిస్తున్నాడు. మంచె నుంచి నాలుగు దిక్కులకూ తాళ్లు కట్టి కాగితపు లాంతర్లు వేలాడదీశారు. బెంచీ మీద కూర్చున్న నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. చూసుకునేసరికి నేనూ చప్పట్లు కొడుతున్నాను.

"అమ్మమ్మా, గిది బతుకమ్మ గాదు," అంది నా మనవరాలు నవ్వుతూ.

"నాకు తెల్వదా?" అన్నాను. కానీ చేతులు ఆగలేదు.

నా మనవరాలు జపాన్‌లో ఒక పెద్ద నగరంలో, ముసలివాళ్లను చూసుకునే దవాఖానలో నర్సు. ఈ వానాకాలం నన్ను అక్కడికి పిలిపించుకుంది. మూడు నెలలు ఉన్నాను. ఆ ఊరి మాట నాకు ఒక్కటీ రాదు. ఎనభై దాటిన మోకాళ్లు ఎక్కువ దూరం నడవనివ్వవు. అక్కడ నాకు బాగా అర్థమైనవి పండుగలే. వెళ్లిన వారానికే వెదురు కొమ్మల పండుగ వచ్చింది. దుకాణాల ముందు పచ్చి వెదురు కొమ్మలు నిలబెట్టి, రంగు కాగితం చీలికల మీద కోరికలు రాసి కట్టారు. చిన్నపిల్లలు వంకర టింకర అక్షరాలతో రాసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. తర్వాత బండ్ల పండుగ. ఇంటంత ఎత్తు కొయ్య బండ్లను తాళ్లు పట్టి లాగుతూ, ఎండలో చెమటలు కక్కుతూ వీధులన్నీ తిరిగారు. ఎండలు ఇంకా ముదిరాక ఈ గుండ్రటి ఆట వచ్చింది. ఇది చనిపోయినవాళ్ల పండుగట. ఏడాదికొకసారి పోయినవాళ్లు తమ ఇళ్లకు వస్తారని వాళ్ల నమ్మకం. వచ్చినవాళ్లకు అన్నం పెట్టి, ఆట ఆడి, చివరి రోజు పొద్దుగూకే వేళ దీపాలను ఏట్లో వదిలి సాగనంపుతారట.

"ఎల్లుండి ఏటికాడికి పోదాం," అంది మనవరాలు. "మా దవాఖాన ముసలోళ్లు గూడ వస్తరు. లాంతరు మీద పేరు రాసి నీళ్లల్ల వదుల్తరు. నువ్వు గూడ తాత పేరో, ముత్తాత పేరో రాయొచ్చు."

నేను దేవుని మందిరంలో పెరిగినదాన్ని. నలభై ఏళ్లు ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెప్పాను. చనిపోయిన విశ్వాసులు ప్రభువు చేతిలో ఉంటారు, దీపం పెట్టి పిలిస్తే రారు, వదిలితే పోరు. అదే మాట మనవరాలితో అన్నాను. "సరే తియ్యి, రాయకు," అంది అది. కానీ ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. రాయవలసి వస్తే ఎవరి పేరు రాయాలో ఆ క్షణమే తెలిసిపోయింది. అది మా ఆయన పేరు కాదు. మా బాపు పేరు కూడా కాదు.

మాది నర్మెట్టకు నడిచిపోయేంత దూరంలో ఒక చిన్న ఊరు. ఊరికి పడమట మా వాడ, వాడ చివర మట్టి గోడల ప్రార్థన ఇల్లు. పైన తాటికమ్మల కప్పు. వాన పడితే లోపల పాడే పాట మాకే వినపడేది కాదు. ముందున్న వేప కొమ్మకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది. అదే మా గంట. జనగామ స్టేషన్ దగ్గర కూలికి పోయిన కాలంలో ఒక తాత దాన్ని భుజాన మోసుకొచ్చాడట. అప్పటి నుంచి దాన్ని కొట్టే పని ఆయనదే. భార్యాపిల్లలు లేరు. వాడ పిల్లలందరికీ ఆయన గంట తాత.

"దొంగతనం జేసి తెచ్చినవా తాతా?" అని అడిగేవాళ్లం.

"రైలోడు పారేసిండు, దేవుడు ఏరుకున్నడు. నేను మోసిన, గంతే," అనేవాడు.

మా బాపు సంఘపెద్ద. పాస్టరు అయ్యగారు నెలకొకసారి సైకిలు మీద వచ్చి రొట్టె, ద్రాక్షారసం ఇచ్చి వెళ్లేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చదివేది, పాట ఎత్తుకునేది బాపే. నల్ల అట్ట వేసిన సంఘం పుస్తకం ఆయన దగ్గరే ఉండేది. వాడలో ఎవరికి బాప్తిస్మం అయింది, ఎవరికి ఎవరితో పెళ్లయింది, ఎవరు ప్రభువులో నిద్రించారు, అన్నీ అందులో ఉండేవి. ప్రతి పండుగ నాడూ బాపు దాన్ని తెరిచి ఒక్కొక్క పేరూ చదివేవాడు. పేరు వచ్చినవాళ్లు "ఉన్న" అనాలి. నేను మాత్రం కప్పు ఎగిరిపోయేటట్టు అరిచేదాన్ని. దేవుని దగ్గర జీవగ్రంథం అనే పుస్తకం ఒకటి ఉంటుందని, అందులో పేరున్నవాళ్లే పరలోకానికి పోతారని మాకు నేర్పారు. ఆ పుస్తకం ఇదేనని, దేవుడు దాన్ని దాచమని మా బాపుకు ఇచ్చాడని నేను అనుకునేదాన్ని.

అప్పుడు మా ఊళ్లో ఇంకో సంఘం ఉండేది. కోటలాంటి దొర గడిలో వెట్టి చెయ్యం, ఊరికే ధాన్యం కొలవం అని లేచినవాళ్ల సంఘం. చేతుల్లో గుత్పలు, అంటే లావుపాటి దుడ్డుకర్రలు, పట్టుకొని తిరిగేవాళ్లు కాబట్టి దాన్ని గుత్పల సంఘం అనేవాళ్లు. మాది పాటల సంఘం. మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, ఆ గుత్పల సంఘంలో కలిశాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా అన్నదమ్ముల మధ్య ఇదే మాట.

"అన్నా, మీ సంఘం దండం పెడ్తది. మా సంఘం దండం పడ్తది. గంతే ఫరక్," అనేవాడు చిన్నాయిన.

"పెట్టుకుంటనే ఇన్నేండ్లు బతికినం గదరా," అనేవాడు బాపు.

"బతికినమా? గడీల గడ్డి మోసినం."

"ఇద్దరు సంఘాలు పక్కకు వెట్టి బువ్వ తినుండ్రి. సల్లారిపోతాంది," అనేది మా అవ్వ. మా దిక్కు కన్నతల్లిని అవ్వ అంటాం.

బాపు ఎన్నడూ గుత్ప పట్టలేదు. కానీ ఆ యేడు వాళ్ల సంఘం దొర బీడుగా వదిలేసిన పడావు భూమి పంచితే, కుంట కింద నాలుగు మడులు మాకూ వచ్చాయి. వద్దనలేదు. అంతకు ముందు మా అవ్వ దొర పొలాల్లో కోతల తర్వాత పరిగె ఏరిన గింజలే కోతపండుగకు దేవుని ముందు పెట్టేది. ఈసారి మన సొంత మడి వరికట్ట పెడతామని ఊడ్పులప్పుడే చెప్పడం మొదలుపెట్టింది.

వానలు బాగా పడ్డాయి. చెలకలన్నీ తంగేడు పూసి పసుపు రంగు తిరిగాయి. బతుకమ్మ ఆడకూడదని అయ్యగారు మాకు గట్టిగా చెప్పారు. పూలు కోయవద్దని మాత్రం అనలేదు. ఆ సందు పట్టుకొని నేనూ పక్కింటి పిల్లా ఒడినిండా గునుగు పూలు కోసి ఊళ్లో పిల్లలకు ఇచ్చి, బదులుగా మలీద ముద్దలు తెచ్చుకునేవాళ్లం. నెయ్యి, బెల్లం, నలిపిన రొట్టె కలిసిన ఆ వాసన అరచేతులకు మరునాటి వరకూ ఉండేది. ఒక సాయంత్రం ఆగలేక వరుసలో దూరి చప్పట్లు కూడా కొట్టాం. తిరుగుతూ తిరుగుతూ తల ఎత్తితే, దారి పక్కన మేకపిల్లను పట్టుకొని గంట తాత నిలబడి ఉన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఇంటికి పోయి కంబళి కప్పుకొని జ్వరం వచ్చినట్టు పడుకున్నాను. తాత ఎవరికీ చెప్పలేదు. మరునాడు ప్రార్థన ఇంటి ముందు నన్ను ఆపి, "బిడ్డా, నీ చేతులకు గునుగుపూల రంగంటింది. అయ్యగారు రాకముందుకే కడుక్కో," అన్నాడు. అంతే.

ఆ రోజుల్లోనే ఊరి పిల్లలు కొందరు మమ్మల్ని వెక్కిరించారు. "సంఘపోళ్లు, సంఘపోళ్లు," అంటూ వెంటపడ్డారు. ఏడుస్తూ వచ్చి బాపుకు చెప్పాను. బాపు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని, కోడి కూయకముందే తన గురువును ఎరుగనన్న శిష్యుడి కథ చెప్పాడు. "ఎవలడిగినా దాయొద్దు బిడ్డా. అవును, మాది సంఘమే అని తలెత్తి చెప్పాలె. ఉన్నది ఉన్నదనాలె, లేనిది లేదనాలె," అన్నాడు. నేను ఆ మాటను వాక్యం నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను.

కోతలకు కొంచెం ముందు, గుత్పల సంఘంవాళ్లను పట్టుకోవడానికి దొర గడిలో మిలిటరీ క్యాంపు పడింది. లారీలు వచ్చాయి. వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, మన మాట రానివాళ్లు. వాళ్లు చెప్పింది మాకు, మేము చెప్పింది వాళ్లకు చెప్పడానికి దొర మనిషి ఒకడు వెంట ఉండేవాడు. ఆ వచ్చినవాళ్లకు మన భాషలో ఒకే ఒక్క మాట తెలుసు. సంఘం. ఏ ఊరికి పోయినా ఆ మాటతోనే దిగేవాళ్లు. చిన్నాయిన అడవికి పోయాడు.

కోతపండుగ వచ్చింది. పొద్దున లేస్తూనే కొత్త గడ్డి వాసన, పేడతో అలికిన నేల వాసన. ప్రార్థన ఇంటి లోపల గోడలకు ఆనించి జొన్న కంకులు, సజ్జ కంకులు, కందికాయల కట్టలు, గుమ్మడికాయలు పెట్టారు. కాలికి తాడు కట్టిన కోడిపుంజు ఒకటి పాట మధ్యలో కూస్తే అందరూ నవ్వారు. అన్నిటికంటే ముందు, బల్ల కింద, మా వరికట్ట. అవ్వ దాన్ని నాలుగుసార్లు సర్ది నాలుగుసార్లు వెనక్కి జరిగి చూసుకుంది. దేవుని ముందు పెట్టకుండా మా వాడలో ఎవరూ కొత్త బియ్యం తినేవాళ్లు కాదు. బయట గాడిపొయ్యి మీద గుండిగెల్లో కొత్త బియ్యం ఉడుకుతోంది. పొయ్యి దగ్గర ఆడవాళ్ల మాటలు, పొగ, నవ్వులు. పిల్లలం ఆకలితో ఆ చుట్టే తిరుగుతున్నాం.

చిన్నాయిన కూడా వచ్చాడు. మొహం నిండా గడ్డం. వాళ్ల సంఘం ఏదైనా కానీ, కోతపండుగకు తన కంకి తాను పెట్టకుండా ఆయన ఏ యేడూ ఉండలేదు. లోపల వరికట్టల పక్కన కూర్చొని ఉన్నాడు.

గంటకు మామిడాకులు కడతానని తాత బల్ల ఎక్కాడు. ఆకులు అందించే పని నాది. అప్పుడే లారీ వచ్చి కల్లం దగ్గర ఆగింది. ఒక ఆఫీసరు, నలుగురైదుగురు మనుషులు, దొర మనిషి దిగి వచ్చారు. ఆఫీసరు నన్ను చూసి నవ్వాడు. వంగి, "సంఘం?" అన్నాడు.

దొర మనిషి ముందుకొచ్చాడు. "సంఘం ఎవలిదని అడుగుతున్నరు బిడ్డా. మీ ఇంట్ల ఎవలన్న సంఘంల ఉన్నరా?"

నేను తలెత్తాను. బాపు చెప్పినట్టే తలెత్తాను. "మా ఇంట్ల అందరం సంఘమే. మా బాపు సంఘపెద్ద."

"ఇంకెవలెవలు?"

"వాడంత సంఘమే. పేర్లన్ని నల్ల పుస్తకంల ఉన్నయి. పండుగనాడు బాపు సదువుతడు. ఇయ్యాల గూడ సదువుతడు."

దొర మనిషి మా ఊరివాడే. ఏ సంఘం ఏదో వాడికి తెలుసు. మా ప్రార్థన ఇంటి ముందు నుంచే రోజూ పోయేవాడు. వాడు ఆఫీసరు వైపు తిరిగి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆఫీసరు మొహంలో నవ్వు పోవడం మాత్రం చూశాను.

అంతలో నెత్తి మీద గంట మోగింది. ఆరాధనకు కొట్టినట్టు నిదానంగా కాదు. వరుసగా, ఊపిరాడకుండా కొట్టాడు తాత. ఒకడు ఆయన కాలు పట్టి కిందికి లాగి, ఇద్దరు రెక్కలు పట్టుకొని లారీ పక్కన నిలబెట్టారు. కానీ లోపలున్నవాళ్లకు ఆ గంట ఏమని వినపడింది? పండుగ మొదలైందని వినపడింది. పిల్లలను ఎత్తుకొని, కొంగులు సర్దుకొని అందరూ బయటికి వచ్చారు. వచ్చినవాళ్లకు కనపడింది ఒక్కటే. క్యాంపువాళ్ల మధ్య నిలబడ్డ గంట తాత.

"సంఘం పుస్తకమేది?" అన్నాడు దొర మనిషి.

"ఏ పుస్తకం?" అన్నాడు బాపు.

"నల్లది. పేర్లు రాసింది. మాకు చెప్పినోళ్లున్నరు."

బాపు తాత వైపు చూడలేదు. నా వైపు చూశాడు. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా మొహం మీద ఉన్నట్టే ఉంటుంది. నేను చెప్పింది విని బాపు సంతోషపడతాడనుకున్నాను.

"తెస్త," అన్నాడు బాపు. లోపలికి పోయి, వెనక గుమ్మం నుంచి బయటికి వచ్చి, గాడిపొయ్యి దగ్గర మంట సరి చేస్తున్నట్టు వంగాడు. నేను పొయ్యి వైపే చూస్తున్నాను కాబట్టి చూశాను. నల్ల అట్ట ఒకసారి పైకి లేచి ముడుచుకుంది. కాలిన బట్ట, కాలిన జిగురు వాసన. దాని మీద కొత్త బియ్యం ఉడుకుతూనే ఉంది.

బాపు వట్టి చేతులతో వచ్చాడు. "పుస్తకం లేదు. సంఘమంటే నేనొక్కన్నే. వీళ్లకూ సంఘానికీ సంబంధం లేదు. పండుగ బువ్వకు వచ్చినోళ్లు," అన్నాడు.

ఇంత మంది చూస్తుండగా మా బాపు మా అందరినీ కాదన్నాడు. ఆ శిష్యుడు తనను కాపాడుకోవడానికి గురువును కాదన్నాడు. మా బాపు మమ్మల్ని కాపాడడానికి మమ్మల్ని కాదన్నాడు. ఆ రెంటి మధ్య తేడా అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ మాటలు నడుస్తున్నంత సేపట్లో వెనక గోడ దగ్గర తాటికమ్మలు కదిలాయి. లోపలున్న చిన్నాయిన తప్పించుకుపోయాడు.

బాపును లారీ ఎక్కించారు. ఎక్కేముందు రుమాలు సరిగ్గా చుట్టుకున్నాడు. అవ్వతో, "కొత్త బువ్వ వడ్డించుండ్రి. పిల్లలు ఆకలి మీదున్నరు," అన్నాడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి తీశాడు. లారీ జనగామ దిక్కు పోయింది. తాతను మాత్రం కల్లం దగ్గరే తోసేసి పోయారు.

ఆ రోజు కొత్త బియ్యం ఎవరూ తినలేదు. మరునాడు అవ్వ జొన్న రొట్టెలు మూట కట్టుకొని జనగామకు నడిచింది. ఇక్కడ లేడన్నారు. మళ్లీ పోయింది. అసలు తీసుకురాలేదన్నారు. మూడోసారి పోయినప్పుడు ఎవరో రొట్టెలు తీసుకున్నారట. తీసుకున్నారంటే లోపల మనిషి ఉన్నట్టే కదా అని అవ్వ నెల రోజులు ఆశతో బతికింది. చిన్నాయిన భూపాలపల్లి అడవుల దిక్కు పోయాడని, అక్కడే జ్వరంతో పోయాడని చాలా రోజుల తర్వాత తెలిసింది. బాపు సంగతి ఏనాడూ తెలియలేదు. ఆయనకు సమాధి లేదు, సమాధి పాట లేదు.

పుస్తకం సంగతి క్యాంపుకు ఎవరు చెప్పారు? వాడ అంతా అదే మాట. పుస్తకం ఉందని సంఘంవాళ్లకు తప్ప తెలియదు. గంట కొట్టి అందరినీ బయటికి పిలిచింది ఎవరు? వాళ్ల మధ్య నిలబడింది ఎవరు? పట్టుకొని కూడా వదిలేసింది ఎవరిని? ఎవరూ ఆయన మొహం మీద అనలేదు. గంట కొట్టే ఇనుప కడ్డీ ఒక ఆదివారం ఇంకొకరి చేతిలో ఉంది. రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల ఆరాధనలో ఆయన పక్కన జాగా మిగలడం మొదలైంది. నేను అన్నీ చూశాను. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆ ఒక్క మాట చెబితే, బాపును పట్టించింది నేనేనని అవ్వకు తెలుస్తుంది.

మళ్లీ కోతపండుగ వచ్చింది. క్యాంపు ఎత్తేశారు. కుంట కింద మడులు మళ్లీ దొర కిందికే పోయాయి. అవ్వ పరిగె గింజలు పెట్టింది. అయ్యగారు కొత్త పుస్తకం తెచ్చారు. కాలిపోయిన పేర్లన్నీ మళ్లీ రాస్తానని, ఒక్కొక్కరు లేచి చెప్పమన్నారు. అవ్వ లేచి తన పేరు, నా పేరు చెప్పి, బాపు పేరు కూడా చెప్పింది. అయ్యగారు కలం ఆపారు. నిద్రించినవాళ్ల వరుసలో రాయాలా అని ఆయన అడగలేదు గానీ, అవ్వకు అర్థమైంది. "ఉన్నోళ్లల్ల రాయుండ్రి. వస్తడు," అంది. అయ్యగారు అలాగే రాశారు.

గంట తాత లేచాడు. పేరు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. వెనక నుంచి ఎవరో, "ఆయనది తర్వాత సూద్దాం అయ్యగారూ," అన్నారు. ఎవరూ కాదనలేదు. అయ్యగారు అందరి మొహాలూ చూసి, తల వంచుకొని పక్క పేరుకు పోయారు. తాత కాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. నేను అవ్వ కొంగు చాటుకు జరిగాను.

భోజనాలప్పుడు ఆయన వేపచెట్టు కింద ఒక్కడే కూర్చున్నాడు. మోదుగాకు విస్తరిలో అన్నం, పప్పు పెట్టుకొని తీసుకుపోయాను. ముందు పెట్టి నిలబడ్డాను. నిలబడి ఏడ్చాను.

"ఊకో," అన్నాడు. "నేను బల్ల మీదనే ఉంటి గదా. నువ్వన్నది మొత్తం ఇన్న."

"తాతా, నేను మన సంఘమనుకున్న."

"ఎరుకే బిడ్డా. నువ్వు అబద్ధం చెప్పలె. ఆ దొరోని మనిషి చెప్పిండు, మాట తిప్పి."

"అందరికి చెప్త. నువ్వు కాదని చెప్త."

తాత అన్నం కలుపుతూ ఆగాడు. "మీ అవ్వ ఆయన వస్తడని కూసున్నది. నువ్వు గీ మాట చెప్తె నీ మొకం చూసినప్పుడల్ల ఆమెకు అదే యాదికొస్తది. నాకెవలున్నరు? ఒక్క పానం. మీ అవ్వ ఉన్నన్ని రోజులు చెప్పకు." తర్వాత మామూలుగా, "పప్పుల ఉప్పు తక్కువైంది. ఎవలు వండిన్రు?" అన్నాడు.

ఆ ఎండాకాలమే పోయాడు. ఆయన సమాధికి గంట కొట్టలేదు. కొట్టవలసినవాడు ఆయనే కదా అని ఎవరో అన్నారు. నవ్వించడానికే అన్నారు. ఎవరూ నవ్వలేదు.

అవ్వ చాలా కాలం బతికింది. చివరి వరకూ ప్రతి కోతపండుగకూ ఒక వరికట్ట బాపు పేరున పెట్టేది. ఆమె పోయి కూడా ముప్పై ఏళ్లు దాటింది. తాత పెట్టిన గడువు ఆ రోజుతో తీరిపోయింది. ఆ తర్వాత మౌనం ఇక నాదే. సాక్ష్య కూడికల్లో ఎన్నిసార్లో లేచాను. జబ్బులు తగ్గిన సంగతి చెప్పాను, పిల్లల చదువుల సంగతి చెప్పాను, కన్నీళ్లతో స్తోత్రం చెప్పాను. ఇది చెప్పలేదు. ఉన్నది ఉన్నదనాలని ఎంతమంది పిల్లలకు నేర్పానో, అంతమంది ముందూ నేను దీన్ని దాచాను. దేవుడు నన్ను ఎన్నడూ తొందరపెట్టలేదు. ఓపికగా ఊరుకున్నాడు. ఆయన ఓపికే నాకు భయం వేసేది.

ఆ నగరంలో ఏడాది చివరి రోజున గుళ్లలో గంటలు నూటెనిమిదిసార్లు కొడతారని, మనిషి తప్పులకు లెక్కగా ఒక్కొక్క దెబ్బ అని మనవరాలు చెప్పింది.

"నాకు ఒక్కటి సాలు," అన్నాను. అదేదో హాస్యమనుకొని అది నవ్వింది.

దీపాల రోజు ఏటి గట్టు మీద బల్లలు వేసి కుంచెలు, సిరా పెట్టారు. చక్రాల కుర్చీల్లో ముసలివాళ్లు ఒడిలో కాగితపు లాంతర్లు పెట్టుకొని వరుసగా ఉన్నారు. వాళ్లలో ఒకామె తన లాంతరును కొంగుతో తుడిచినట్టు చేతి గుడ్డతో తుడుస్తోంది. నేనూ వరుసలో నిలబడ్డాను. మనవరాలు ఆశ్చర్యపోయింది.

"దీపం పోయినోళ్లకు అందుతదని నేను నమ్మను," అన్నాను. "కని, మనుషులు సూసే కాడ ఒక పేరు రాయాలె."

కుంచె నేనే పట్టుకున్నాను. మొదటి అక్షరం సిరా పాకింది. అయినా తెలుగులో పూర్తిగా రాశాను. ఇంటిపేరుతో సహా. మనవరాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరీయన? మనకేమైతడు?"

అక్కడే, ఆ వరుసలోనే, చెప్పడం మొదలుపెట్టాను. నీళ్ల దగ్గరికి చేరేసరికి గుత్పల సంఘం వరకు వచ్చాను. మెట్ల మీద కూర్చొని మిగతాది చెప్పాను. మనవరాలు నా చెయ్యి పట్టుకొని ఉంది. దీపాలు గుంపులు గుంపులుగా కిందికి పోతున్నాయి. మాది మాత్రం మెట్టు అంచుకు తగిలి ఆగిపోయింది. గట్టున ఉన్న మనిషి ఒకతను పొడుగాటి వెదురు కర్రతో దాన్ని మెల్లగా లోపలికి నెట్టాడు. అది తిరిగింది. వెలుగులో నా వంకర అక్షరాలు మా వైపుకు వచ్చాయి. మనవరాలు ఆ పేరును పైకి చదివింది, బాపు పుస్తకంలోంచి చదివినట్టు.

"ఉన్నడు," అన్నాను నేను.

తిరిగి వచ్చి నెల కావస్తోంది. ఇంకొన్ని వారాల్లో కోతపండుగ. ఆ రోజు నేను లేచి నిలబడతాను. గొంతు పెగలకపోతే ఎవరైనా చదువుతారని ఇది రాసి పెడుతున్నాను. మా మందిరం ఇప్పుడు స్లాబు వేసినది, మైకులున్నాయి. అయ్యగారు రాసిన ఆ పుస్తకం ఇనుప బీరువాలో ఇంకా ఉంది. అంచులు చెదలు తిన్నా పేర్లు చెదరలేదు. అందులో మా బాపు ఇంకా చనిపోలేదు. గంట తాత ఇంకా పుట్టలేదు.

ఆయన పేరు ఇక్కడ ఎందుకు రాయలేదని ఎవరైనా అడగవచ్చు. రాయవలసిన చోటు ఇది కాదు.